నవ్వుటకును మూలధనము వలయును



వార్షికోత్సవపు కార్యక్రమమును నిర్ణయించుటకై మన సంఘ కార్యవర్గము కూడిన నాటి సంగతి మీలో పలువురకు ఈపాటికే తెలిసియుండును. మన యువకులు కొందరు ఒక హాస్యనాటికను వ్రాసికొని వచ్చి ప్రదర్శనకు అనుమతి కోరిరి. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములలోని రాయబార ఘట్టమునకు అది వికటానుకరణము. అందరెరిగిన మాటలో పేరడీ. అందు శ్రీకృష్ణుడు హస్తినాపురమునకు బయలుదేరి, సండూరు దారిలో ఇనుపరాతి లారీల వరుస వెనుక చిక్కుకొనును. తుదకెట్లో సభను చేరి, అయిదూళ్ళకు మారుగా అయిదు గనులకు పర్మిట్టు అడుగును. దుర్యోధనుడు ఫైలు పైకి పోయినదని చెప్పి తప్పించుకొనును. పద్యముల రాగములు అవియే, ఎత్తుగడలు అవియే. మాటలు మాత్రము మారినవి.

కార్యవర్గము ఆ నాటికను త్రోసిపుచ్చినది. మూడు కారణములు చెప్పబడినవి. పూజ్యమైనదానిని ఎగతాళి చేయరాదనుట మొదటిది. ఈ బుద్ధి జపానువారి బొమ్మల చిత్రములను చూచుటవలన పుట్టినదే కాని మన సంప్రదాయమున లేదనుట రెండవది. పరభాషా రాష్ట్రమున అల్పసంఖ్యాకులమై యున్న మనము మన గౌరవమును మనమే తగ్గించుకొనరాదనుట మూడవది. ఎవ్వరును పైకి చెప్పని నాల్గవ కారణముకూడ నుండవచ్చును: కొందరికి శ్రీకృష్ణునికన్న గనుల ప్రస్తావనయే ఎక్కువ నొప్పి కలిగించినదేమో! అది వారి అంతరాత్మలకు తెలియవలయును.

త్రోసిపుచ్చినవారిలో నేనును ఒకడను. నేను చేయి ఎత్తితిని. ఆ చేయి ఎత్తుట పొరపాటని ఒప్పుకొనుటకును, తక్కినవారిచే ఒప్పించుటకును ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఆ రాత్రి నేనిల్లు చేరునప్పటికి మా కుమార్తె కొడుకు, తొమ్మిదవ తరగతి చదువువాడు, సెల్‌ఫోను చేతబట్టుకొని పొట్ట చెక్కలగునట్లు నవ్వుచుండెను. సమావేశమున వీనివంటివారినే కదా నిందించి వచ్చితినని తలచి ప్రక్కన కూర్చుండి నేనును చూచితిని. అటాక్ ఆన్ టైటన్ జూనియర్ హై అని దాని పేరు. పెద్ద తలల పిల్లలు బడికి పోవుచుందురు. ఆ బడిలోనే రాక్షసాకారులైన విద్యార్థులును చదువుచుందురు. ఒక బాలుడు తన మధ్యాహ్న భోజనమును ఒక రాక్షసుడు తినివేసినాడని పగబట్టి పండ్లు పటపట కొరుకుచుండును. పది నిమిషములు చూచినను నాకు నవ్వు రాలేదు.

"ఇందులో నవ్వేదానికి ఏముందిరా?" అంటిని.

"అసలుది చూస్తేనే ఇది నవ్వొస్తాది తాతా. నువ్వు అసలుది చూడల్యా కదా" అని వాడు చెప్పెను.

ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనీయలేదు. సమావేశమున గంటన్నరసేపు పెద్దలమందరము కూడి చెప్పలేకపోయిన సంగతిని పదునాలుగేండ్ల పిల్లవాడు ఒక్క వాక్యమున చెప్పినాడు.

మరునాడు వానిచే అసలు కథ చెప్పించుకొంటిని. ఇసయామా హజిమే అను నతడు 2009 నుండి 2021 వరకు ఆ కథను బొమ్మల ధారావాహికగా ప్రకటించినాడట. అది 2013లో కదలు బొమ్మల చిత్రముగా ఆరంభమై 2023లో ముగిసినది. మనుష్యులను మ్రింగు మహాకాయులకు వెరచి మిగిలిన మానవజాతి ఎత్తైన గోడల నడుమ బ్రదుకుచుండును. ఒకనాడు గోడ పగులును. కథానాయకుడైన బాలుని కన్నులయెదుట ఒక మహాకాయుడు అతని తల్లిని తినివేయును. వాని పగకు మూలమది. 2015లో వచ్చిన పండ్రెండు భాగముల హాస్యచిత్రమున ఆ పాత్రలే, ఆ పేర్లే, ఆ పగయే. తల్లి చావు స్థానమున మాత్రము పోయిన సద్ది వచ్చి చేరినది. తల్లికొరకు ఏడ్చినవాడు సద్దికొరకు పగబట్టినవానిని చూచి నవ్వును. ఏడువనివానికి నవ్వు లేదు. నేను ఏడువలేదు, కావుననే నాకు నవ్వు రాలేదు.

విచారింపగా ఇట్టివి జపానున ఒకటి రెండు కావని తెలిసినది. 1979లో ఆరంభమైన గండమ్ అను యంత్రవీరుల యుద్ధగాథకు 1988లో, ఆ యంత్రములనే పొట్టివిగా, బుడుతలవలె చిత్రించిన హాస్యచిత్రములు వచ్చినవి. మన పిల్లలందరెరిగిన నరూటో కథకు 2012లో రాక్ లీ అను పాత్రను ముందు నిలిపి హాస్యచిత్రమొకటి వెలువడినది. 2019లో వచ్చిన ఇసెకై క్వార్టెట్ అనుదానిలో నాలుగు వేర్వేరు కథల పాత్రలను తెచ్చి ఒకే తరగతిగదిలో కూర్చుండబెట్టిరి. నాలుగు కథలును తెలిసినవానికి నాలుగింతల నవ్వు. ఒక్కటియు తెలియనివానికి వట్టి అల్లరి. 2011లో వచ్చిన కార్నివల్ ఫాంటాజమ్ అనునది టెలివిజనున ప్రసారమునకై కాక, డిస్కులు కొని దాచుకొను వీరాభిమానులకొరకే చేయబడినది. టైప్ మూన్ అను సంస్థ తన పదియేండ్ల పండుగకై తన గంభీర కథలను తానే వెక్కిరించుకొన్న చిత్రమది.

ఆ టైప్ మూన్ వారి పుట్టుక మనమెరుగదగినది. టోక్యో నగరమున 1975 డిసెంబరులో కామిక్ మార్కెట్ అను సంత ఆరంభమైనది. అభిమానులు తమకు ప్రియమైన కథలను అనుకరించియు, వెక్కిరించియు, పొడిగించియు స్వయముగా అచ్చొత్తించిన పుస్తకములు అచట అమ్ముడగును. మొదటి సంతకు వచ్చినవి ముప్పదిరెండు బృందములు. చూడవచ్చినవారు సుమారు ఏడువందలమంది. తరువాతి కాలమున అదే సంతకు లక్షలమంది వచ్చుచుండిరి. టైప్ మూన్ వారు 2000 సంవత్సరమున తమ తొలి కృతిని అమ్మినది ఆ సంతలోనే. అభిమానుల అంగడిలో అడుగుపెట్టినవారు మూలకర్తలైరి. మూలకర్తలై తమ్ము తామే వెక్కిరించుకొనిరి. వెక్కిరింత వారి సాహిత్యమును చంపలేదు. దానికి కొత్త కర్తలను కని యిచ్చినది.

ఇది వారికిని నిన్న మొన్న పుట్టిన బుద్ధి కాదు. పదునొకండవ శతాబ్దినాటి గెన్జి గాథ జపానువారికి మన భారతమువలె ప్రాచీన గౌరవము కలది. ర్యూతెయ్ తనెహికో అను రచయిత దానిని వెక్కిరించుచు, సామాన్యుల భాషలో, బొమ్మలతో ఒక గ్రామ్య గెన్జిని 1829 నుండి 1842 వరకు భాగములు భాగములుగా ప్రకటించెను. 1842లో ప్రభుత్వపు ఆంక్షలు వచ్చిపడి అది ఆగిపోయినది. కాని ప్రాచీన గ్రంథమును ముట్టజాలని సామాన్యులెందరో గెన్జి పేరును విన్నది ఆ వెక్కిరింతవలననే. ఆనాటి అధికారులు చేసిన పనియే మొన్న మన కార్యవర్గము చేసినది. ఇందు నాకు గర్వింపదగినదేమియు కనబడుట లేదు.

ఇక మన పెద్దలు చెప్పిన మూడు కారణములను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

ఈ బుద్ధి మనది కాదను మాటను ముందు తీసికొందును. మూడింటిలో అబద్ధమైనది అదియే కనుక. 1957లో విడుదలయైన మాయాబజారును తెలియని తెలుగువాడు లేడు. దానికి దర్శకుడైన కె. వి. రెడ్డి మన పొరుగున తాడిపత్రిలో జన్మించినవాడు. ఆ చిత్రకథ వ్యాసభారతమున లేదు. భారతమున యుద్ధపు పదుమూడవనాడు అభిమన్యుడు దుర్యోధనుని కొడుకైన లక్ష్మణకుమారుని చంపును; ఆనాడే పద్మవ్యూహమున తానును చచ్చును. ఘటోత్కచుడు కర్ణుని శక్తికి బలియగును. ఈ ముగ్గురు మృతులను తెచ్చి ఒకనికి వెన్నెలలో నౌకావిహారమును, ఒకనికి విదూషకుని వేషమును, ఒకనికి ఆడపిల్ల రూపమును ఇచ్చి, మూడు గంటలసేపు మనలను నవ్వించిన చిత్రమది. పాండవులు తెరమీదికే రారు. అయినను కథ ఎవ్వరికిని తెలియకపోలేదు. ఏలయన ప్రేక్షకులందరు భారతమును కడుపులో పెట్టుకొని వచ్చినవారే. తల్లి చావును సద్దిగా మార్చిన జపాను హాస్యమునకును, లక్ష్మణకుమారుని చావును పెండ్లికొడుకు ముస్తాబుగా మార్చిన మన హాస్యమునకును జాతిభేదమెక్కడ? మాయాబజారు మనది, జూనియర్ హై పరాయిది అనుట సరియే. ఒకటి సంప్రదాయము, ఒకటి సంప్రదాయభంగము అనుట మాత్రము సరికాదు.

మరి కొంచెము వెనుకకు పొండు. తోలుబొమ్మలాటలో సీతమ్మ శోకమునకును రావణుని సభకును నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు దూకి వచ్చుట మన తాతలు చూచి నవ్వినదే. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటలో ఆ విద్య నేటికిని నిలిచియున్నది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. మన కన్నడ సోదరుల బయలాటలో సారథి చేయు పనియు అట్టిదే. రాముని తక్కువచేయుటకు కేతిగాడు రాలేదు. రాముని కథ రాత్రియంతయు కూర్చుండి చూడగలుగుటకు వచ్చినాడు. భరతముని నాట్యశాస్త్రమున శృంగారమునుండి హాస్యము పుట్టునని చెప్పి, శృంగారమును అనుకరించుటయే హాస్యమని వివరించినాడు. అనుకరణము లేనిదే హాస్యము లేదనియు, అనుకరింపదగిన మూలము లేనిదే అనుకరణము లేదనియు అర్థము.

అచ్చు పుస్తకముల కాలమునకు వచ్చినచో జలసూత్రము రుక్మిణీనాథశాస్త్రి గారి పేరు చాలును. 1914లో పుట్టి 1968లో గతించిన ఆయన జరుక్‌శాస్త్రి అను పేర ప్రసిద్ధుడై, తన కాలపు భావకవులను, అభ్యుదయ కవులను వరుసపెట్టి వెక్కిరించినాడు. శ్రీశ్రీ పద్యపు నడక చెవిలో మ్రోగుచున్నవానికే ఆ వెక్కిరింత రుచి. ముళ్ళపూడి వెంకటరమణ గారు ఋణానందలహరి అని పేరు పెట్టినప్పుడు ఆదిశంకరుల లహరులను విన్నవాడే ముందుగా నవ్వినాడు. ఆయన రాజకీయ బేతాళ పంచవింశతికి, 1947లో పుట్టిన చందమామలో భేతాళుని కథలు చదివి పెరిగిన తరము సిద్ధముగా నుండెను. గిరీశం లెక్చర్లకు కన్యాశుల్కము చదివినవారుండిరి. ఇవన్నియు ఒక మూలమునకు వీరాభిమానులైనవారికొరకు చేసిన వికట హాస్యములే. జపానువారికి డిస్కులు, మనకు పుస్తకములు, బొమ్మలు, పద్యములు. తక్కినదంతయు ఒకటే.

పూజ్యమైనదానిని ఎగతాళి చేయరాదను కారణము ఇంతకన్న బరువైనది. దానిని నేను తేలికగా త్రోసివేయను. ఎగతాళులు రెండు విధములు. ఒకటి, ఇంటివాడు ఇంటివారితో చేయునది. రెండవది, వాకిట నిలిచి రాళ్ళు విసరువాడు చేయునది. మొదటిదానికి మూలముమీద ప్రేమయు, మూలపు ప్రతి మలుపును ఎరిగిన నేర్పును కావలయును. రెండవదానికి ఏమియు అక్కరలేదు. కాళ్ళకూరి నారాయణరావు గారి చింతామణి నాటకమునందలి సుబ్బిశెట్టి పాత్ర తమ్ము కించపరచుచున్నదని ఆర్యవైశ్యులు చిరకాలము అభ్యంతరము చెప్పగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనను నిషేధించినది. ఆ నిషేధము సరియా కాదా అనుట ఇచట నా విషయము కాదు. దానినుండి నేర్వదగిన దొకటి కలదు. నవ్వు ఒక కృతిని విడిచి బ్రదికియున్న జనులమీద పడినప్పుడు అది పేరడీ కాదు, నింద. మన యువకుల నాటికలో నిందింపబడిన కులము లేదు, మతము లేదు. శ్రీకృష్ణుడు లారీల వెనుక చిక్కుకొనుటవలన శ్రీకృష్ణునికి అవమానము లేదు. అవమానమున్న యెడల దారికి, ధూళికి, మన ఓర్పుకు ఉన్నది.

అల్పసంఖ్యాకుల గౌరవమను మాటతో నా మనస్సు గట్టిగా తగులుకొన్నది. అసలు వివాదమంతయు ఇచటనే యున్నది.

మనమెవ్వరము? సండూరు సంస్థానము 1949లో మద్రాసు రాష్ట్రమున విలీనమైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము పుట్టినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆ వంకకు పోయినవి. బళ్ళారియు, సండూరును మైసూరు వంకకు వచ్చినవి. గీత గీయబడినది, మన యిండ్లు మాత్రము కదలలేదు. ఆ గీతకు ఈవల నున్న బళ్ళారిలోనే ఆంధ్రనాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను నడిపినారు. అచటనే కోలాచలము శ్రీనివాసరావు గారు సుమనోరమ సభను నడిపినారు. 1880లో జన్మించి 1946లో గతించిన బళ్ళారి రాఘవ గారు ఆ ఊరి పేరునే తన యింటిపేరు చేసికొని దేశమంతట నటించినారు. ధర్మవరము వారు నాటకము శుభముగానే ముగియవలెనను ప్రాచీన నియమమును కాదని, విషాద సారంగధరను విషాదాంతముగా వ్రాసినారు. పరాయి నాటకపు పోకడను తెచ్చి తెలుగునకు అమర్చుటకు బళ్ళారి పెద్దలు వెరవలేదు. వారి వారసులమని చెప్పుకొను మనము యశ్వంతనగర్‌లో నలువదినిమిషముల నాటికకు వెరచినాము.

గౌరవమనగా ఏమి? ఏటికొకమారు శాలువలు కప్పుకొని తెలుగుతల్లికి దండవేయుటయేనా? ఒక జాతి దేనిని కంఠస్థము చేసినదో తెలిసికొనవలెనన్న, ఆ జాతి పిల్లలు దేనిని వెక్కిరింపగలరో చూడవలయును. జరుక్‌శాస్త్రి నాటి తెలుగువారు పద్యములను వెక్కిరింపగలిగిరి. వారికి పద్యములు వచ్చును. 2012లో సుడిగాడు అను చిత్రము వచ్చినది. అంతకు రెండేండ్ల ముందు వచ్చిన తమిళ పడమ్ అను చిత్రమునకు అది తెలుగు రూపము. అది తెలుగు సినిమా వీరుల నడకలను, మాటలను, పోరాటములను వెక్కిరించినది; అప్పటివారికి సినిమాలు వచ్చును. ఇప్పుడు మన యిండ్లలో పిల్లలు వెక్కిరింపగలిగినది జపాను కథలనే. వారికి వచ్చినవి అవి. ఇది కొలబద్ద. కొలబద్దను విరిచినంతమాత్రమున జ్వరము తగ్గదు.

నా భయమేమో చెప్పెదను. మన యువకులు శ్రీకృష్ణుని అవమానింతురని నాకు భయము లేదు. ఆ నాటికను ఆడుదురు, ఎవ్వరును నవ్వరు. అదియే నా భయము. ముందువరుసలలోని మనమువంటి అరువదేండ్లవారము నవ్వుదుము. వెనుక వరుసలలో మన మనుమలు మా మనుమని సెల్‌ఫోను ముందు నేను కూర్చున్నట్లు, ఇందులో నవ్వుటకేమున్నదని కూర్చుందురు. నాటిక వ్రాసిన యువకుని అడిగితిని. అతడు రాయబార పద్యములను తన తాతగారి నోట విని నేర్చినవాడు. వేషములు వేయవలసినవారిలో పలువురు మూల నాటకమును చూడనే లేదట. ఆటగాండ్ర సంగతియే ఇట్లున్నచో చూడవచ్చువారి సంగతి చెప్పనేల? పేరడీ చావలేదు, దాని క్రింది నేల జారిపోయినది.

మేము త్రోసిపుచ్చిన ఆ నాటిక కథను మా మనుమనికి చెప్పితిని. లారీల సంగతి వినగానే కిసుక్కున నవ్వెను. లారీలు వానికి తెలియును. అయిదు గనుల మాటకు మాత్రము నవ్వలేదు. అయిదూళ్ళ సంగతి వానికి తెలియదు. ఒక క్షణము ఊరకుండి, "అసలుది ఏంది తాతా?" అని అడిగెను. ఆ ప్రశ్నకొరకు మనము ఎన్ని యుగాది సభలు నడిపినాము! ఏ సభయు పుట్టింపలేని ప్రశ్నను మనము నిషేధించిన నాటిక పుట్టించినది. ఆ రాత్రి వానికి ఉద్యోగపర్వపు కథ చెప్పితిని. ఎరిగినంతలో నాలుగు పద్యములు పాడితిని. గొంతు సరిగా పలుకలేదు. వాడు లేచిపోలేదు.

ఇచట జపాను చిత్రములను పొగడి ఊరకొనుట న్యాయము కాదు. వాటి వెనుక వ్యాపారమున్నది. ఇసెకై క్వార్టెట్‌లో కలిసిన నాలుగు కథలును కడోకవా అను ఒకే ప్రచురణ సంస్థవి. ఒక కథకు అభిమానియైనవానిని తక్కిన మూడింటికిని కట్టివేయుట అందలి ఉపాయము. నవ్వును ఎరగా వేసి అభిమానిని గుత్తకు తీసికొనుట అందుకలదు. 2025 సెప్టెంబరున డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాసిల్ అను చిత్రము మన దేశమున విడుదలయైనప్పుడు తెలుగు మాటలతోను వచ్చినది. తమ మూలమును మన పిల్లలకు తెలుగులో అందించుట లాభసాటియని పరదేశపు వర్తకునికి తోచినది. మన మూలమును మన పిల్లలకు తెలుగులో అందించుట అవసరమని మనకు తోచలేదు. వర్తకుని తిట్టుటకు ముందు ఈ సంగతి తలచుకొని సిగ్గుపడవలయును.

మరియొక భేదము కలదు. ఆ కథలకు యజమానులున్నారు. యజమానులు వాటిని కాపాడుదురు, ప్రకటింతురు, పిల్లల చేతికి అందింతురు. భారతమునకు యజమాని లేడు. ఎవ్వరైనను పాడవచ్చును, ఆడవచ్చును, వెక్కిరింపవచ్చును. అది మన భాగ్యము. యజమాని లేనందున అందించువాడును లేడు. అది మన బాధ్యత. రాజ్యాంగమునకు 1956లో చేర్చిన 350ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు సౌకర్యములు కల్పింప ప్రయత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. దానికొరకు అర్జీలు పెట్టుట మన సంఘపు ధర్మమే; పెట్టుదము. కాని పిల్లలను ఇంగ్లీషు బడికి పంపి, ఇంట తెలుగు అక్షరము నేర్పక, పద్యమొకటి చెప్పక, ప్రభుత్వమునే నిందించుట ఎట్టి న్యాయము? రాయబార పద్యమును మా మనుమనికి చెప్పకుండుడని నన్ను ఏ ప్రభుత్వమును ఆజ్ఞాపింపలేదు. పదునాలుగేండ్లు నేనే చెప్పలేదు.

కావున కార్యవర్గమునకు నా విన్నపములు ఇవి.

ఒకటి: త్రోసిపుచ్చిన నాటికను తిరిగి పరిశీలించి అనుమతింపవలయును. నా వంతు నేను చేయి దింపుచున్నాను.

రెండు: వార్షికోత్సవమును రెండు సాయంకాలములు జరుపవలయును. మొదటి సాయంకాలము మూలమైన రాయబారము, ఉన్నదున్నట్లు, పద్యములతో, హార్మోనియముతో. రెండవ సాయంకాలము యువకుల వికటానుకరణము. మొదటిది చూడనివానికి రెండవదానిలో ముందువరుస ఇయ్యరాదు!

మూడు: మూలమునందు నటించుటకు యువకులే ముందుకు రావలయును. శ్రీకృష్ణుని వేషము సరిగా వేయగలిగినవాడే శ్రీకృష్ణుని వెక్కిరించుటకు అర్హుడు. యువకులారా, మీకు ఈ షరతు కఠినముగా తోచవచ్చును. టైప్ మూన్ వారు తమ్ము తాము వెక్కిరించుకొనుటకు ముందు గంభీరముగా వ్రాసినారని మరువకుడు.

నాలుగు: ఈ పత్రికలో వారమునకొక పద్యమును అర్థముతో అచ్చువేసి, దానికి పిల్లలు వ్రాసిన పేరడీని మరుసటివారము ప్రక్కన అచ్చువేయవలయును. పేరడీ వ్రాయవలెనన్న గణములు లెక్కపెట్టవలయును, యతి చూడవలయును, ప్రాస కలుపవలయును. ఛందస్సు నేర్పుటకు ఇంతకన్న మేలైన బడి నాకు తెలియదు.

అయిదు: ప్రదర్శనకు మన కన్నడ సోదరులను పిలువవలయును. కుమారవ్యాసుని భారతము వారి యిండ్లలో వినబడునదే. అయిదూళ్ళ సంగతి వారికి మన పిల్లలకన్న బాగుగా తెలియును. లారీల సంగతి అందరకును సమానముగా తెలియును. ఒక నవ్వునకు ఉభయభాషలవారము కలిసి నవ్విననాడు మన గౌరవము తగ్గదు, పెరుగును.

దీనికి బదులు వ్రాయదలచినవారు వ్రాయుడు. నన్ను తప్పుపట్టదలచినవారు పట్టుడు. నన్ను పేరడీ చేయదలచినవారున్నచో మరియు సంతోషము. నా గ్రాంథికము వెక్కిరించుటకు మిక్కిలి అనువైనదని మా మనుమడు ఇదివరకే చెప్పియున్నాడు. అందుకు వాడు ముందుగా ఈ వ్యాసమును తుదిదాక చదువవలయును. చదువుటకు తెలుగు అక్షరములు కావలయును. ఆదివారమునుండి మా యింట వానికి ఓనమాలు ఆరంభము.

మీ యింట ఎన్నడు?

— సంఘ సభ్యుడొకడు, యశ్వంతనగర్